ఫెబా వంతు వచ్చేలోపు

ఇంకో గంట పడుతుంది అనుకున్నాడు నతానియేలు. అలా అనుకోవడానికి పెద్ద లెక్కేమీ అక్కర్లేదు. భార్య ఫెబా కన్నా ముందు ఎందరున్నారో పొద్దున్నే హాలు తలుపు మీది జాబితాలో చూశాడు, మైకులో ఒక పేరు పిలిచాక రెండో పేరు పిలవడానికి ఎంతసేపు పడుతోందో వరండాలో కూర్చున్నప్పటి నుంచి గమనిస్తూనే ఉన్నాడు, మధ్యలో టీకి లేచే ఆఫీసర్లనీ, ఆగిపోయే నెట్‌నీ, పేరు పిలిచేసరికి బాత్రూమ్‌కి వెళ్ళి ఉండే టీచర్లనీ కూడా కలుపుకుంటే గంట, కాస్త అటూ ఇటూగా. ఇంత నమ్మకంగా చెప్పగలిగినవాడు ఈ వరండాలో ఇంకొకడు ఉండడు. ముప్ఫై ఏళ్ళకు పైగా ఇంజనీరింగ్ అధ్యాపకుడిగా అతను చేసిన పని ఇదే, మనుషులు వరుసలో ఉంటే ఎవరి వంతు ఎప్పుడొస్తుందో చెప్పడం. వంతు వచ్చి లోపలికి వెళ్ళిన మనిషి అక్కడ ఏం అడుగుతుందో చెప్పడం ఆ శాస్త్రంలో లేదు. ఏదో ఒకటి అడుగుతుంది, దానికి కొంత సమయం పడుతుంది, ఆ సమయం ఒక్కటే లెక్కలోకి వస్తుంది.

టీచర్ల బదిలీ కౌన్సెలింగు పద్ధతి సులువే. ఒకే బడిలో ఎనిమిదేళ్ళు నిండిన టీచరు కదలాల్సిందే. హాల్లో తెర, తెర మీద ఖాళీలున్న ఊళ్ళ పేర్లు, మైకులో పేరు వినపడగానే టీచరు లేచి బల్ల దగ్గరికెళ్ళి ఒక ఊరి పేరు చెప్పాలి, కంప్యూటరు దగ్గరున్నతను మీట నొక్కగానే ఆ ఊరి వరస ఎర్రబడుతుంది, సంతకం పెట్టాక ఇంక మార్చుకోవడానికి ఉండదు. ఈ ఎనిమిదేళ్ళూ ఫెబా దాచేపల్లి అవతల ఒక ఊళ్ళో చిన్నపిల్లలకి పాఠాలు చెబుతూ, అక్కడే ఒక గది అద్దెకు తీసుకుని, శనివారం సాయంత్రం గుంటూరొచ్చి సోమవారం తెల్లారకముందే బస్సెక్కుతూ వచ్చింది. పోయిన నెలాఖరున నతానియేలు యూనివర్సిటీ నుంచి రిటైరయ్యాడు. ఇప్పుడు ఆమెకు బదిలీ. గుంటూరుకి కూతవేటు దూరంలో జొన్నలపాలెం బడి ఖాళీగా ఉంది. ఊరి బయట కొత్త ఫ్లాటు ఉంది, ఫ్లాటు ముందు నుంచే జొన్నలపాలెం ఆటోలు వెళతాయి. పెళ్ళయ్యాక ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటూ ఒకే ఊరి నుంచి ఉద్యోగాలకు వెళ్ళిన ఏళ్ళు కొద్ది. ఇకనైనా కుదురుగా ఉండొచ్చని అతను అనుకున్నాడు. అనుకున్నాడు గాని, ఆ మాట ఆమెతో అన్నాడా అని ఇప్పుడు ఆలోచిస్తే గుర్తు రావడం లేదు. పొద్దున కార్లో మాత్రం అన్నాడు, నీ వంతు వచ్చేసరికి జొన్నలపాలెం మిగిలే ఉంటుంది, నిన్న ఇచ్చిన సీనియారిటీ జాబితాలో నీ ముందున్నవాళ్ళు ఎక్కువమంది తెనాలి వైపు వాళ్ళు, చాలావరకు ఉంటుంది అని. ఆమె కోల్డు స్టోరేజీల ముందు బారులు తీరిన లారీల వైపు చూస్తూ, ఉంటుందని నాకూ తెలుసండీ, అంది. అంతే అంది. ఆ తర్వాత అద్దం పైకెత్తింది, మిరపకాయల ఘాటు వస్తోందని.

ఆ ఘాటు ఇక్కడి దాకా ఉంది. జూన్‌లో గుంటూరు గాలే అంత, పంట ఎప్పుడో కోసి గోదాముల్లో చేరినా గొంతులో మాత్రం ఇంకా ఆరబెట్టినట్టే ఉంటుంది. వరండాలో ఎవరో ఒకరు దగ్గుతూనే ఉన్నారు. అందరూ మొగుళ్ళే. చేతిలో భార్యల హ్యాండుబ్యాగులు, నీళ్ళ సీసాలు, టిఫిను డబ్బాలు, వానలు పడితే గాని పత్తి గింజలు వెయ్యలేమని ఒకాయన ఫోనులో ఎవరికో చెబుతున్నాడు, వాన కోసం ఆగినవాళ్ళనీ ఒక వరుసగా అనుకోవచ్చు గాని అందులో అందరికీ ఒకేసారి వంతొస్తుంది, దానికి వేరే సిద్ధాంతం కావాలి, గుంపుగా జరిగే సర్వీసు, దాని మీద కూడా అతనిదో పేపరుంది, ఎవరు చదివారో తెలియదు.

అసలు ఇవన్నీ ఎక్కడ మొదలయ్యాయి అని రిటైరయ్యే రోజు శాలువా కప్పుతూ ఒక కుర్ర లెక్చరర్ అడిగాడు. పుస్తకాల్లో అని చెప్పాడు. నిజానికి బిందెల దగ్గర. సత్తెనపల్లి అవతల వాళ్ళ ఊళ్ళో, నాయన ఉపదేశిగా ఉన్న చర్చికి ఎదురుగా బోరింగు, బోరింగు ముందు బిందెల వరుస. మనుషులు నిలబడేవాళ్ళు కాదు, బిందె పెట్టి వెళ్ళిపోయేవాళ్ళు, బిందె నిలబడేది. వరుసలు రెండు, ఊరి బిందెలు ఒకటి, ఊరికి ఎడంగా ఉండే వాళ్ళ పల్లె బిందెలు ఒకటి. ఊరి బిందె వస్తే పల్లె బిందె ఆగాలి, ఆ సంగతి ఎవరూ ఎవరికీ చెప్పేవాళ్ళు కాదు, చెప్పాల్సిన అవసరం ఉండేది కాదు. అమ్మ మిరపకాయలు కోసొచ్చి, కళ్ళు మండుతుంటే చీర చెంగుతో ఒత్తుకుంటూ, అరుగు మీద కూర్చుని బిందె వైపు చూస్తూ ఉండేది. తన ముందు ఎన్ని బిందెలున్నాయన్నదాన్ని బట్టి అమ్మ వంతు రాదని, తన తర్వాత ఎవరొస్తారన్నదాన్ని బట్టి వస్తుందని అతనికి చిన్నప్పుడే తెలిసిపోయింది. ఇరవై ఏళ్ళ తర్వాత గురునాథం గారు క్లాసులో రెండు తరగతుల కస్టమర్లు, ఒకే సర్వరు, మొదటి తరగతికి ప్రాధాన్యం అని బోర్డు మీద రాసి, రెండో తరగతి వాడి నిరీక్షణ ఎంతుంటుందో తేల్చండి అంటే, మిగతావాళ్ళు ఇంకా ప్రశ్న రాసుకుంటుండగానే అతను జవాబు రాసేశాడు. ఎక్కడ చదివావయ్యా అని అడిగారాయన. లైబ్రరీలో సార్ అన్నాడు. ఆయన నమ్మారు, రీసెర్చికి తీసుకున్నారు. మంచి గురువు. ఆయనకి ఒకటే పట్టింపు, ఉదాహరణల్లో మనుషుల పేర్లు రాయనిచ్చేవారు కాదు. వరుసలో నిలబడ్డవాణ్ణి చూస్తే లెక్క సాగదు నతానియేలూ, వరుసని చూడు, అనేవారు. అలాగే చూశాడు. చూస్తే లెక్క నిజంగానే సాగింది. టెలిఫోను ఎక్స్ఛేంజీలు, ఆసుపత్రులు, ఓడరేవులు, ఒక్కసారి మాత్రం గుంటూరు మిర్చి యార్డు, మార్చి నెలలో యార్డు బయట రాత్రీ పగలూ ఆగిపోయే బళ్ళకి టోకెన్లు ఎలా ఇవ్వాలో నివేదిక రాసిచ్చాడు, ఆఫీసర్లు చప్పట్లు కొట్టి బీరువాలో పెట్టారు. అతనికేం బాధ కలగలేదు. నివేదికలోని లెక్క సరైనదే, అది బీరువాలో ఉన్నా సరైనదే.

"ఏం సార్, మీ మేడమ్‌గారిది కూడా కౌన్సెలింగేనా?"

పక్క కుర్చీలోకి ఎవరో వచ్చి కూర్చున్నాడు. నలభై దాటని మనిషి, చొక్కా జేబులో రెండు ఫోన్లు, ఒళ్ళో పసుపుపచ్చ టిఫిను డబ్బా. పేరు సుభానీ అని, సత్తెనపల్లిలో జిన్నింగు మిల్లులో సూపర్‌వైజరునని, భార్య మెహర్ టీచరని అడక్కుండానే చెప్పాడు. నతానియేలు తలూపాడు. తను ఏం చేసేవాడో చెప్పలేదు, చెబితే క్యూల మీద రీసెర్చా సార్ అని నవ్వుతారు, ఎన్నోసార్లు జరిగింది, తర్వాత తిరుపతి గురించి అడుగుతారు.

"పొద్దున ఆరింటికొచ్చాం సార్. నా పెళ్ళిచూపులప్పుడు మా మామ కూడా ఇంతసేపు కూర్చోబెట్టలా," అన్నాడు సుభానీ. "అక్కడైతే మిక్చరన్నా పెట్టారు."

నతానియేలు నవ్వాడు. అవతల కూర్చున్న ఇద్దరు కూడా నవ్వారు. సుభానీ డబ్బా మూత తీసి ఇడ్లీ తినమన్నాడు, వద్దంటే ఊరుకోలేదు, ఒకటి తీసుకోవాల్సి వచ్చింది. మైకులో ఎవరిదో పేరు. కిటికీలోంచి తెర కొంచెం కనిపిస్తోంది, చివరి వరసలో ఫెబా తల కూడా, నెరిసిన జుట్టు ముడి, ముడి దగ్గర మెడ కొద్దిగా వంగి ఉంది, పక్కనెవరితోనో మాట్లాడుతున్నట్టుంది. తెర మీద ఇంకో వరస ఎర్రబడింది. తెనాలి వైపుదే. అనుకున్నట్టే.

ఆగి ఉన్నవాడికి కాలం ఎక్కువ అనిపించడం గురించి కాదు, నిజంగానే ఎక్కువ అవడం గురించి అతను ఫెబాకి మొదటిసారి చెప్పింది ఒంగోలు బస్టాండులో. పెళ్ళైన కొత్త. అరగంటకో బస్సుంటే సగటున పావుగంట ఆగితే చాలనుకుంటాం, కాదు, కొన్ని బస్సులు వెంటవెంటనే వస్తాయి, కొన్నిటి మధ్య బోలెడు ఖాళీ ఉంటుంది, మనిషి వచ్చి పడేది చిన్న ఖాళీలో కన్నా పెద్ద ఖాళీలో ఎక్కువ, అందుకని బస్సులు సరిగానే తిరుగుతున్నా ఎవరిని అడిగినా చాలాసేపు ఆగాననే చెబుతారు, వాళ్ళు చెప్పేది అబద్ధం కాదు. ఆమె సిమెంటు బెంచీ మీద సంచి ఒళ్ళో పెట్టుకుని శ్రద్ధగా విని, అయితే ఇది నా రాత కాదన్నమాట, లెక్కేనన్నమాట, అని నవ్వింది. ఆ నవ్వు అతనికి బాగా నచ్చింది. తర్వాత ఎన్నో ఏళ్ళు ఆ మాటను క్లాసులో చెప్పేవాడు, ఒక ప్రయాణికురాలు ఇలా అన్నది అని. ఆ ప్రయాణికురాలు తన భార్య అని చెప్పేవాడు కాదు, గురునాథం గారి పద్ధతి.

అప్పుడతను ఒంగోలులో లెక్చరరు. ఆమెకు గుంటూరు జిల్లాలో ఉద్యోగం, దాచేపల్లి దగ్గరే, మొదటి పోస్టింగు, సిమెంటు దుమ్ము పలకల మీద కూడా పడేదని చెప్పేది. భర్త ఉన్నచోటికి జిల్లా మారి రావచ్చు, వస్తే అప్పటిదాకా చేసిన సర్వీసు సీనియారిటీకి లెక్కలోకి రాదు, కొత్త జిల్లాలో జాబితా చివర చేరాలి. వచ్చింది, చివర చేరింది. కొన్నేళ్ళకి అతనికి గుంటూరు యూనివర్సిటీలో రీడరు ఉద్యోగం వచ్చింది. ఇంటికొచ్చి చెప్పినప్పుడు ఆమె బియ్యంలో రాళ్ళేరుతోంది. మళ్ళీ మారితే సీనియారిటీ మళ్ళీ పోతుంది కదండీ అంది. అడగడం కూడా కాదు, ఊరికే అంది. మళ్ళీ వస్తుందిలే అన్నాడతను. ఆమె మళ్ళీ చివర చేరింది. ఆమెతో కలిసి ట్రైనింగు అయిన సీతారత్నం ఇవాళ వేదిక మీద ఆఫీసర్ల పక్కన ఎంఈవోగా కూర్చుని ఉంది, పొద్దున ఫెబాని చూసి, ఏమ్మా ఫెబా, నువ్వింకా ఇందులోనే ఉన్నావా అని ఆప్యాయంగానే పలకరించింది, ఉన్నాను మేడమ్ అని ఫెబా కూడా ఆప్యాయంగానే చెప్పింది. ఆ మేడమ్ అన్న మాట దగ్గర అతను కారు తాళాల కోసం జేబులు తడుముకున్నాడు, తాళాలు చేతిలోనే ఉన్నాయి.

వరుస వదిలి వెళ్ళి తిరిగొచ్చే కస్టమర్ల మీద అతను పేరు తెచ్చుకున్నది ఆ ఒంగోలు రోజుల్లోనే. తిరిగొచ్చినవాడు చివర చేరతాడు, అంతకుముందు అతను ఆగిన కాలం పరిగణనలోకి రాదు, అని మొదట్లోనే ఒక ఊహ పెట్టుకుంటే తర్వాత లెక్క చాలా అందంగా వస్తుంది. ఆ పేపరు ప్రూఫులు వచ్చినప్పుడు ఫెబా ఇంగ్లీషు వాక్యాలు పైకి చదువుతుంటే అతను రాతప్రతితో సరిచూసుకున్నాడు, వంటింటి గడప దగ్గర, కరెంటు లేక లాంతరు పెట్టుకుని. ఆ వాక్యం దగ్గర ఆమె ఒక్క క్షణం ఆగినట్టు గుర్తు. ఆగిందో, లాంతరు వత్తి సరిచేసిందో. ఆ పేపరు వల్లే బెల్జియంలో ఏడాది ఉండే అవకాశం వచ్చింది. అక్కడ ఎవరూ నిలబడరు, ఒక చీటీ తీసుకుని కూర్చుంటారు, పోస్టాఫీసులో కూడా మెత్తటి కుర్చీలు, వానలో తడిసిన కోట్లు, అంత నిశ్శబ్దమైన వరుసల్ని అతను అంతకుముందు చూడలేదు. అక్కడే సర్వరు సెలవు తీసుకునే వ్యవస్థల మీద రాశాడు. వచ్చేవాళ్ళు లేకపోతే సర్వరు సెలవు మీద వెళతాడు, తిరిగొచ్చి చూస్తాడు, అప్పటికీ ఎవరూ లేకపోతే మళ్ళీ సెలవు. అతని పేపర్లన్నిటిలోకీ ఇతరులు ఎక్కువగా వాడుకున్నది అదే. చివర కృతజ్ఞతల్లో నా భార్య ఓపికకి అని ఒక వాక్యం రాశాడు, అందరూ రాసేదే. ఆ ఏడాది ఆమె ఒంగోలులో పసిపిల్లతో ఎలా ఉందో అతనికి ఉత్తరాల ద్వారా తెలుసు. ఉత్తరాల్లో అంతా బాగానే ఉండేది.

"మాకు జొన్నలపాలెం రావాలి సార్," అన్నాడు సుభానీ.

నతానియేలు అతని వైపు తిరిగాడు. సుభానీ డబ్బా మూత పెడుతున్నాడు. వాళ్ళమ్మకి కిడ్నీలు పోయాయని, రోజు విడిచి రోజు గుంటూరులో డయాలసిస్‌కి తీసుకురావాలని, తన మిల్లు డ్యూటీతో కుదరడం లేదని, మెహర్‌కి గుంటూరు పక్కన వస్తే ఇక్కడే ఇల్లు తీసుకుంటామని, ఆమె ఆరింటికల్లా ఆవిణ్ణి ఆసుపత్రిలో దించి బడికి వెళ్ళొచ్చని చెప్పాడు. సాయంత్రం తను వచ్చి తీసుకెళ్ళొచ్చు. గుంటూరు చుట్టుపక్కల మిగిలింది ఆ ఒక్క ఊరే. అన్నీ మామూలు గొంతుతో చెప్పాడు, మిల్లులో బేళ్ళ గురించి చెప్పినట్టు.

"మీవాళ్ళ ముందు ఎవరైనా అది తీసుకుంటే?" అన్నాడు నతానియేలు.

"అదే కదా సార్ రాత్రంతా నిద్ర లేదు. మా ముందు ఒక పెద్ద టీచరమ్మ ఉంది. వాళ్ళాయనది ఈ ఊరే, ఎవరైనా అదే కోరుకుంటారు కదా. మా ఆవిడ పొద్దున ధైర్యం చేసి అడిగింది. అడగ్గూడదు సార్, తప్పు. కాని అడిగింది." సుభానీ గొంతు తగ్గించాడు. "ఆవిడ ఏమందో తెలుసా? నాకు గుంటూరులో పనేమీ లేదమ్మా, నువ్వు తీసుకో, నేను రేగులపాడు కోరుకుంటా అంది. దాచేపల్లి అవతల సార్ ఆ ఊరు. ఫెబా గారంట. మా ఆవిడ ఏడ్చేసింది ఫోనులో."

ఇడ్లీ ముక్క ఇంకా చేతిలోనే ఉందని నతానియేలు గమనించి నోట్లో పెట్టుకున్నాడు. చల్లారిన ఇడ్లీ. నమలడానికి కొంతసేపు పట్టింది, ఆ కాసేపూ మాట్లాడక్కర్లేదు. నాకు గుంటూరులో పనేమీ లేదమ్మా. వాక్యం చిన్నది. ఫెబా గొంతులో వినడానికి ప్రయత్నించాడు, సులువుగానే వినపడింది, అమ్మా అన్నప్పుడు ఆమె గొంతు కాస్త కిందికి దిగుతుంది. పని లేదు అంటే ఏమిటి, కూతురు పెళ్ళై వెళ్ళిపోయినా ఫ్లాటు ఉంది, అతను ఉన్నాడు, ఆదివారం చర్చి ఉంది. ఈ మధ్య ఆమె వారంవారం రావడం మానేసి రెండు వారాలకోసారి వస్తోంది, అక్కడ ఆదివారం బడి చూసుకునేవాళ్ళు లేరని, ఆడవాళ్ళ ప్రార్థన కూడిక ఉందని చెప్పేది, అతను సరే అనేవాడు, పరీక్ష పేపర్లు దిద్దుకోవడానికి ఆదివారం ఖాళీ దొరికేది. వచ్చేవాళ్ళ మధ్య ఎడం పెరుగుతోందని అతను ఏ వ్యవస్థలోనైనా ముందే కనిపెట్టేవాడు. దీన్ని వ్యవస్థ అనుకోలేదు.

ఎక్కువమంది టీచర్లు ఇక్కడిదాకా వచ్చాక మనసు మార్చుకుంటారు, తెర చూడగానే. మాటిచ్చినవాళ్ళు కూడా మారుస్తారు. దానికో సంభావ్యత ఉంటుంది, అది ఎంతో చెప్పడానికి ఆ మనిషి ఇంతకుముందు ఎన్నిసార్లు మాట మార్చిందో తెలియాలి. ఫెబా ఇంతకుముందు ఎన్నిసార్లు మాట మార్చింది? అతనికి ఒక్కటీ తోచలేదు. కాని ఆమె మాటను మార్పించవచ్చు. అది వేరే సంగతి. అతను ఫోను తీశాడు. ఆమె నంబరు పైనే ఉంది. కిటికీలోంచి ఆమె తల కనిపిస్తోంది, ఇక్కడ నొక్కితే అక్కడ ఆ తల సంచి మీదికి వంగుతుంది, ఫోను తీస్తుంది, జొన్నలపాలెం తీసుకో ఫెబా అని అతను అంటాడు, సరేనండి అంటుంది. అంటుందని అతనికి తెలుసు. ఇందులో సంభావ్యత అనే మాటకే చోటు లేదు. రెండుసార్లు జిల్లా మారమన్నప్పుడూ సరేనండి అనే అంది. పేరు పిలిచి ఆమె లేచేదాకా వ్యవధి ఉంది, ఒక్క మాట చాలు, ఆ తర్వాత ఈ సుభానీ పక్కన ఇంకో పది నిమిషాలు కూర్చోవాలి, అంతే. అది కష్టమే గాని జరగని పని కాదు. మనిషిని కాదు, వరుసని చూడాలి. వరుసలో చూస్తే ఫెబా ముందు, మెహర్ తర్వాత, న్యాయం ఫెబా వైపే ఉంది.

వేలు ఆమె పేరు మీదే ఉంది. రేగులపాడు అంటే ఇప్పుడున్న ఊరికి పక్క ఊరే అనుకుంటా, అయితే గది మారక్కర్లేదు, ఆ గదిలోనే ఉండి నడిచి వెళ్ళొచ్చు. గది ఎలా ఉంటుంది. అతను ఒక్కసారే వెళ్ళాడు, ఎనిమిదేళ్ళ కిందట, గ్యాసు బండ దించడానికి. బండ దించాడు, రెగ్యులేటరు పెట్టాడు, సబ్బు నురగ రాసి లీకు లేదని చూశాడు, మర్నాడు సెమినారు ఉందని వెంటనే బయల్దేరాడు. కిటికీ ఎటు వైపు ఉంది. మంచం దేనికి ఆనించి ఉంది. సాయంత్రం బడి నుంచి వచ్చాక ఎక్కడ కూర్చుంటుంది. గడపలోనా, బయట అరుగుందా. ఎవరైనా వచ్చి కూర్చుంటారా. ఎవరో ఉండాలి, శనివారాల్లో ఆమె సంచిలో ఎప్పుడూ ఎవరో పెట్టి పంపిన గోంగూరో, పచ్చిమిరపకాయలో, ఒకసారి ఎవరో కుట్టిచ్చిన దిండు గలీబులో ఉండేవి, ఎవరిచ్చారు అని అతను అడిగే ఉంటాడు, ఆమె పేరు చెప్పే ఉంటుంది. ఒక్క పేరూ గుర్తు లేదు. తెలియని వ్యవస్థని బయట నుంచి గమనించి లోపల ఏం జరుగుతోందో చెప్పడం అతని విద్య. రాకలు, పోకలు తెలిస్తే చాలు. ఎనిమిదేళ్ళ రాకపోకలు తెలుసు. లోపల ఏముందో చెప్పమంటే, గ్యాసు బండ.

తెర వెలుగు ఆరిపోయింది, ఫోను తెర. అతను దాన్ని మళ్ళీ వెలిగించలేదు. వెలిగించకూడదని అనుకోలేదు కూడా. జేబులో పెట్టేశాడు, అది ఒక నిర్ణయమని ఆ తర్వాత తెలిసింది, జేబు మీద చెయ్యి అలాగే ఉండిపోవడం చూసుకున్నాక.

మైకులో ఫెబా పేరు వినపడింది. ఇంటిపేరుతో సహా, కొంచెం తప్పుగా పలికారు. సుభానీ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు, ఊచలు పట్టుకున్నాడు. నతానియేలు కూడా లేచాడు. ఫెబా వరసల మధ్య నుంచి నడుస్తోంది, తొందరగా కాదు, నెమ్మదిగానూ కాదు, క్లాసులోకి వెళుతున్నట్టు. బల్ల దగ్గర సీతారత్నం ఏదో అంది, తెర వైపు చెయ్యి చూపింది, ఇదుంది కదమ్మా, దగ్గర కదా అని అంటున్నట్టుంది. ఫెబా నవ్వింది. ఒక్క మాట అంది. ఇంత దూరం నుంచి వినపడదు. సీతారత్నం ఇంకోసారి అడిగింది. ఫెబా మళ్ళీ అదే మాట అంది. కంప్యూటరు దగ్గరున్నతను పట్టికని కిందికి జరుపుకుంటూ పోయాడు, గుంటూరు దాటి, సత్తెనపల్లి దాటి, పిడుగురాళ్ళ దాటి, చివరికి ఎక్కడో ఆగాడు. రేగులపాడు ఎర్రబడింది.

సుభానీ వెనక్కి తిరిగి అతని చెయ్యి రెండు చేతులతో పట్టేసుకున్నాడు. అతని అరచేతులు చెమటతో తడిగా ఉన్నాయి. "మిగిలింది సార్, మాకే మిగిలింది. ఆవిడ దేవత సార్."

"సంతోషం," అన్నాడు నతానియేలు. నిజంగానే కొంత సంతోషం ఉంది, ఎంతో చెప్పలేడు.

"మీ మేడమ్‌గారిది ఎప్పుడొస్తుంది సార్?"

"అయిపోయింది."

"ఎప్పుడు? ఏ ఊరు వచ్చింది?"

"రేగులపాడు."

సుభానీ చేతులు వదలలేదు. వదలాలో వద్దో తెలియనట్టు అలాగే పట్టుకుని ఉన్నాడు, నోరు కొంచెం తెరిచి, తను ఇందాక ఏమేం మాట్లాడాడో మొదట్నుంచీ తిరిగి వినుకుంటున్నట్టు. లోపల మెహర్ పేరు పిలిచారు. "వెళ్ళి చూసుకోండి," అన్నాడు నతానియేలు. సుభానీ చేతులు వదిలేసి కిటికీ వైపు తిరిగాడు గాని, మాటిమాటికీ వెనక్కి చూస్తూనే ఉన్నాడు.

ఫెబా పక్క తలుపులోంచి బయటికొచ్చింది. ఎండ కళ్ళలో పడి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అతన్ని చూసి దగ్గరకొచ్చి, అతని కుర్చీ పక్కనున్న తన నీళ్ళ సీసా తీసుకుని, సగం తాగి మూత పెట్టింది.

"రేగులపాడు," అంది.

"చూశాను."

"మెహర్ వాళ్ళాయన మీ పక్కనే కూర్చున్నాడు. చెప్పే ఉంటాడు."

"చెప్పాడు. గుంటూరులో పనేమీ లేదన్నావట."

ఫెబా సీసా మూత ఇంకోసారి బిగించింది. అప్పటికే బిగిసి ఉంది. "ఆ పిల్లకి ఏదో ఒకటి చెప్పాలి కదా అని అన్నాను," అంది. "అన్నాక నిజమే అనిపించింది."

అతనికి అనడానికి ఉన్న మాటలన్నీ ఇదివరకు ఎప్పుడో అనాల్సినవి, వరుస తప్పి ఇప్పుడు వచ్చాయి. ఆమె అతను ఏదైనా అంటాడేమోనని చూడటం లేదు, సంచిలో కళ్ళజోడు వెతుక్కుంటోంది. కోపం లేదు మొహంలో. కోపం ఉంటే బాగుండేదని అతనికి అనిపించింది, దాని వెనక ఇంకా ఎవరో ఆగి ఉన్నట్టు ఉండేది.

"ఆ గదిలో ఇద్దరు పడతారా?" అన్నాడు.

ఫెబా వెతకడం ఆపింది. అతని మొహంలోకి చూసింది, పిల్లాడు ఎక్కం కావాలని తప్పు చెప్పాడో, నిజంగానే మర్చిపోయాడో తేల్చుకునేటప్పుడు చూసినట్టు.

"మీరా? మీకక్కడ పొద్దుపోదు."

"పడతారా అని అడిగాను."

"ముందు ఒక ఆదివారం వచ్చి చూడండి. చూశాక, రెండో ఆదివారం కూడా రావాలనిపిస్తే, అప్పుడు మాట్లాడదాం."

"ఈ ఆదివారం వస్తాను."

"ఈ ఆదివారం వద్దు," అంది ఫెబా, కళ్ళజోడు దొరికింది, పెట్టుకుంది. "నాకు పనుంది."